చావు లేని పడవ



నేను కొండనీడను పుట్టి పెరిగినవాడను. మాది నర్సీపట్నపు వైపు కొయ్యూరు. సముద్రపు హోరు మా చెవిని పడదు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత శబ్దములును సమాసములును వల్లె వేయించినవాడనే గాని తెడ్డు పట్టినవాడను గాను. అట్టివాడు పడవల చరిత్ర చెప్పబూనుట యేమని మీలో పెద్దలు నవ్వవచ్చును. అయినను నేను చేసిన యొక తప్పు నన్నీ విషయమునొద్దకు చేయిపట్టి తీసికొనివచ్చినది. ముందుగా ఆ తప్పును చెప్పుకొందును; పిదప చరిత్రలోనికి పోవుదము.

మా ప్రాంతమునందలి యొక జలాశయములో చేపలు పట్టుకొని బ్రతుకు శిష్యుడొకడు నాకు కలడు. సముద్రపుటొడ్డున ఎవరో వాడి విడిచిన ఫైబరు పడవ నొకదానిని తక్కువ వెలకు కొని, లారీపై నెక్కించి తెచ్చుకొనెను. కొన్నియేండ్లు అది వాని యింటిల్లిపాదికి అన్నము పెట్టెను. తుదకు అడుగు పగిలెను. అతుకు లిక నిలువవాయెను. ఒకనాటి సాయంకాలము వాడు మా యరుగు మీదికి వచ్చి, "మాస్టారు బాబూ, పడవ పనికిరాకుండా పోయింది. గట్టుమీద దారికి అడ్డంగా పడి ఉంది. ఏటి చెయ్యమంటారు?" అని యడిగెను.

నేను క్షణమైనను ఆలోచింపలేదు. "చెడిన పడవ పొయ్యిలోకి పోవలసిందే కదరా, కాల్చెయ్యి" అంటిని.

గురువు మాట వాడు జవదాటలేదు. మఱునా డుదయము గట్టుమీద నిప్పు పెట్టెను. పుట్టినది పొగ కాదు, కాటుకవంటి కారుచీకటి. అది మా వీథి వైపు తిరిగెను. ఉబ్బసముతో బాధపడు ముసలమ్మ యొకతెను ఆసుపత్రికి మోసికొనిపోవలసి వచ్చినది. మంట యారినపిదప చూడగా పడవ పోలేదు. జిగురు కాలిపోయి గాజునార మిగిలినది. చింపిరి జుట్టువలె నేలపై పఱచుకొనియున్నది. గాలికి కొంత లేచెను, వానకు కొంత పొలములోనికి దిగెను. ఒక పసివాని పాదమున పెళుసుముక్క గ్రుచ్చుకొనెను. నా శిష్యుడు దురద పుట్టిన చేతులతో మూడుదినము లా స్థలమును ఊడ్చి యెత్తెను. నన్ను ఒక్క మాటయు ననలేదు. అనకపోవుటయే నాకు శిక్ష యైనది.

ఎందుచేత నిట్లయినది? నేను చెప్పిన ధర్మము కఱ్ఱ పడవ కాలపు ధర్మము. వాని పడవ వేఱొక కాలమునకు చెందినది. వస్తువు మారినను మన మాట మారలేదు. ఈ మార్పు ఎట్లు వచ్చెనో, దానివెంట మనకే విధి వచ్చెనో విచారించుటయే నేటి ప్రసంగము.

మన తీరమున అతిప్రాచీనమైనది తెప్ప. తేలికయైన దుంగలను కొన్నింటిని చేర్చి త్రాటితో కట్టుదురు, అంతే. వేటనుండి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుకపై నెండబెట్టుదురు. అనగా తెప్ప ప్రతిదినమును పుట్టును, ప్రతిదినమును విడిపోవును. అందులో నొక దుంగ చెడినచో దానిని మాత్రమే తీసి వేఱొకటి చేర్చుదురు. చెడిన దుంగ వంటచెఱకగును. తెప్పకు అంత్యకాలమను సమస్యయే లేదు.

రెండవది మసూలా పడవ. పలకలను మేకులతో గాక కొబ్బరినారత్రాటితో కుట్టి చేయునది. పెద్దయలల దెబ్బకు మేకు కొట్టిన పడవ బీటలు వాఱును గాని, కుట్టిన పడవ ఒకింత వంగి యల నోర్చుకొనును. కుట్టు చెడినచో విప్పి మరల కుట్టుదురు; పలక చెడినచో మార్చుదురు. మూడవది గోదావరీమండలపు నావ. మేకులు కొట్టి, సందులు బిగించి, తారు పూసి కట్టునది. మదరాసు రాజధానిలో మత్స్యశాఖకు అధిపతిగా నుండిన జేమ్సు హార్నెలు అను ఆంగ్లేయుడు మన దేశపు పడవల రూపభేదములను పరిశీలించి 1920లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. మన జాలరుల పనితనము పండితులు పరిశోధింపదగినదని దానివలన లోకమునకు తెలిసినది.

మన నౌకావిద్య అంతకంటె మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమునందలి శాతవాహనరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు తెఱచాపకొయ్యల ఓడను ముద్రింపించెను. కోరంగిలో పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో సముద్రము దాటు ఓడలను కట్టిరి. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును రూపుమాపెను. ఆ ఓడల నేడు మనము వెదకినను కానరావు. కఱ్ఱ మట్టిలో కలిసెను, ఇనుము త్రుప్పు పట్టి రాలెను, త్రాడు చివికెను. అంత పెద్ద ఓడలు పోయినను భూమికి బరువు మిగులలేదు. ఇది గమనింపదగిన విషయము.

ఇక పగిలిన ఓడను గూర్చి మన దేశమున వెలసిన యొక శాసనమును చెప్పెదను. చీరాల ప్రాంతమున మోటుపల్లి యను పురాతనమైన రేవు కలదు. అక్కడి వీరభద్రాలయమునందు కాకతీయ గణపతిదేవచక్రవర్తి 1244లో నిలిపించిన అభయశాసనస్తంభ మున్నది. అంతకు పూర్వము రాజులు తుపానులో చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిని స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులదేయని అభయ మిచ్చెను. ఓడ పగిలినంతమాత్రమున యజమాని లేనిది కాజాలదని దీని భావము.

ఆనాడు పగిలిన ఓడ నాదని చెప్పుకొనుటకు హక్కు కావలసివచ్చెను. ఈనాడు పగిలిన పడవ నాదని ఒప్పుకొనుటకు ధైర్యము కావలసియున్నది. మొదటిదానిని రాజు శిలపై చెక్కించి యిచ్చెను. రెండవదానిని మనము మన మనస్సునుండి తెచ్చుకొనవలెను.

ఫైబరు పడవ యెట్లు వచ్చెనో చూతము. గాజును కరగించి వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీయు విద్య 1930వ దశకమున అమెరికాలో వృద్ధిపొందెను. ఆ పోగులను చాపగా పఱచి, పాలియెస్టరు రెజిను అను జిగురు పూసి, అచ్చులో పొరపై పొర వేసి గట్టిపఱచి, 1940వ దశకమున అక్కడనే పడవలు చేయనారంభించిరి. మన బంగాళాఖాతపు తీరమున 1979లో ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయసంస్థ చిన్నజాలరులకై యొక కార్యక్రమము నెలకొల్పెను. అలలను దాటి ఇసుకయొడ్డు చేరగల క్రొత్త పడవలను అందు పరీక్షించిరి. వానిలో ఫైబరువియు నుండెను. దుంగలకు తగిన చెట్లు తఱిగిపోవుచుండెను, వెల పెరుగుచుండెను. ఫైబరు కుళ్లదు, ఉప్పునీట కఱ్ఱను తొలుచు పురుగు దానిని ముట్టదు, తేలిక, ఇంజను బిగించుటకు ననువు. అందుచేత తెప్పలు సైతము ఫైబరుతెప్పలైనవి. వాని కడుపులో తేలుటకై థర్మోకోలు నింపిరి. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ తరువాత తీరప్రాంతములకు సాయముగా వచ్చిన పడవలలో ఫైబరువి పెక్కు. ఇరువదియేండ్లు దాటిన ఆ పడవలు ఇప్పుడు ముసలివైనవి.

జాలరులను నిందింపను. చెట్టు నరకకుండ కడుపు నింపుకొను మార్గము దొఱకినపుడు దానిని కాదనువా డెవ్వడు? తప్పు పడవలో లేదు. పడవ నిచ్చినవారును, కొన్నవారును దాని పుట్టుకనే తలంచిరి గాని చావును తలంపలేదు.

ఆ చావెందుకు కష్టమో మీకు తెలిసిన పోలికతో చెప్పెదను. ఇనుపబొక్కెన చిల్లి పడినచో కరగించి మఱల బొక్కెన చేయవచ్చును. కాని కుమ్మరి యావములో కాల్చిన కుండ మరల మట్టిముద్ద యగునా? గట్టిపడిన రెజినును అట్టిదే. అది ఒక్కసారి బిగిసిన పిదప వేడికి కరగి మరల క్రొత్త రూపము నొందదు. నేలలో పాతినచో మట్టి దానిని తినదు. నీటిలో ముంచినచో ఎండకు, అలకు, ఱాతికి ఒరసి పొడి యగును. ఈలోపల పొరుగువాని వలను చింపును. కాల్చినచో ఏమగునో నేను కన్నులార చూచితిని. అప్పుడు లేచు పొగలో ఊపిరికి కీడు చేయు విషవాయువు లుండును.

ఆ పొడి యెక్కడికి పోవును? ఇంగ్లండు దక్షిణతీరమున చిచెస్టరు రేవులో పరిశోధకులు ఆల్చిప్పలను పరీక్షించి 2024లో ఫలితములు ప్రకటించిరి. అక్కడ పాత ఫైబరు పడవలు మిక్కుటము. కిలో ఆల్చిప్పల మాంసములో 11,220 వఱకు గాజునారతునుకలు కనబడినవట. అనగా పడవ చావక, తునుకలై జలచరముల కడుపులోనికి, అటనుండి మనుష్యుని విస్తరిలోనికి వచ్చును. ఇది దూరదేశపు మాట యని త్రోసివేయరాదు. నీటి స్వభావ మన్నిచోట్ల నొక్కటే.

దీనికి లోకమున ఏ యుపాయము లున్నవి? జపానులో 2005నుండి పడవలు కట్టువారి సంఘమే పాత ఫైబరు పడవలను పోగుచేసి, ముక్కలు చేసి, సిమెంటు కర్మాగారములకు పంపు ఏర్పాటు చేసినది. ఫ్రాంసు దేశము 2019లో పడవను చేసి అమ్మినవారే దాని అంత్యకాలపు భారము మోయునట్లు ఏర్పాటు చేసినది. సిమెంటు కొలిమిలో సుమారు 1,450 డిగ్రీల వేడి యుండును. ఆ వేడిలో రెజిను ఇంధనమై మండిపోవును; గాజులోని ఇసుక, సున్నపు అంశములు సిమెంటులో కలిసిపోవును. బూడిద మిగులదు. గట్టుమీది మంటకును ఈ మంటకును, పొయ్యిలోని నిప్పునకును కొంపనంటిన నిప్పునకును గల భేదము కలదు.

మన దేశమున పెద్ద ఓడలను విడదీయుటకు 2019లో చట్టము చేసిరి. హాంగుకాంగు ఒడంబడిక యనునది 2025 జూను 26న ప్రపంచమున అమలులోనికి వచ్చినది. కాని అది 500 టన్నులకు మించిన ఓడలకు సంబంధించినది. మన జాలరి పడవ అంతటి ఘనత కలది గాదు. అంతమాత్రమున దానికి చట్టమే లేదనుకొనరాదు. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థపదార్థముల నియమములు చెత్తను వీథులలోను, బహిరంగస్థలములలోను, కాలువలలోను, జలాశయములలోను పాఱవేయుటను, కాల్చుటను, పాతుటను నిషేధించెను. నేను నా శిష్యునికి చెప్పిన మాట అధర్మమే గాక చట్టవిరుద్ధమును అయియుండెను.

చట్టమను మాట వినగనే మా కొండప్రాంతపు పెద్దల ముఖము మారును. దానికి కారణము కలదు. 1882లో వచ్చిన మదరాసు అటవీచట్టము కొండవాని చేతినుండి గొడ్డలిని, పోడును లాగికొనెను. ఆ కష్టములనుండియే 1922లో మన్యపు తిరుగుబాటు పుట్టెను. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు మా కొయ్యూరులోనే కాల్చి చంపబడెను. చట్టము పేరిట జరిగిన యన్యాయమును తాతలు మనుమలకు చెప్పుకొన్న యూరు మాది. కావున చట్టమునకు తల వంచుడని నేను తేలికగా చెప్పువాడను గాను. ఏ చట్టమైనను ఎవరిని కాపాడుచున్నదని యడుగవలెను. ఆ యటవీచట్టము మా యడవిని మాకు కాకుండ చేసినది. ఈ నియమ మన్ననో, మా ముసలమ్మ ఊపిరిని, మా పసివాని పాదమును కాపాడునది. రెంటిని ఒక్క త్రాట కట్టరాదు.

ఇక చేయవలసిన పని వరుసగా చెప్పెదను. పెద్దలు తమ గ్రామములలో చెప్పగలరు.

మొదట పడవ నిజముగా చెడెనా యని చూడవలెను. పైపూత పోయిన మాత్రమున, చిన్న చీలిక పడిన మాత్రమున విడువరాదు. తెలిసిన పనివాడు గాజుచాప వేసి రెజినుతో అతుకు పెట్టగలడు. కాని అంచులు రేగి నార బయటపడిన పడవను పశువుల కుడితితొట్టిగా వాడుట నేను చూచితిని, అది కూడదు.

రెండవది కాగితముల పని. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు ఒక చేపలపడవను అపహరించి దానిలో వచ్చిరి. అప్పటినుండి పడవల నమోదును, అంకెలను గట్టిగా చూచుచున్నారు. కావున నమోదైన పడవను విడువదలచినపుడు మత్స్యశాఖ కార్యాలయమునకు వ్రాతమూలముగా తెలిపి, నమోదు రద్దు చేయించుకొని, రసీదు దాచుకొనవలెను. బాకీయో, బీమాయో ఉన్నచో అదియు తేల్చుకొనవలెను. పడవ పోయినను అంకె మిగిలినచో, ఆ యంకెతో ఎవడేమి చేసినను పిలుపు మీ గుమ్మమునకే వచ్చును.

మూడవది పడవ కడుపును శుభ్రము చేయుట. ఇంజను, ఇనుము, త్రాళ్లు, వలలు వేఱుచేసి అమ్ముకొనవచ్చును. మిగిలిన డీజిలును, వాడిన నూనెను నేలపై గాని నీటిలో గాని ఒలుకరాదు. వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగా 2016 నాటి మఱియొక నియమావళి పేర్కొన్నది. అనుమతి గలవానికే దాని నీయవలెను. బ్యాటరీని గూర్చియు 2022లో వేఱుగా నియమములు వచ్చినవి. అమ్మిన దుకాణమునకే తిరిగి యిచ్చుట సులువు. థర్మోకోలు గాలికి ఎగిరిపోకుండ సంచులలో కట్టవలెను.

నాలుగవది కోయుట. బడికి, బావికి, ఇండ్లకు దూరముగా, నేలపై టార్పాలిను పఱచి, కోయుచోటును నీటితో తడుపుచు కోయవలెను. ముక్కునకు గట్టి మాస్కును, కంటికి అద్దములును, చేతికి తొడుగులును ఉండవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. రాలిన పొడినంతయు ఎత్తి సంచిలో వేయవలెను.

ఐదవది అప్పగించుట. ముక్కలను పంచాయతీకి గాని పురపాలకసంఘమునకు గాని తెలిపి, వారు చూపిన చోటికే చేర్చవలెను. మన రాష్ట్రమున సిమెంటు కర్మాగారములు పెక్కున్నవి. కాని కాలుష్యనియంత్రణమండలి యనుమతితో, తగిన మొత్తము పోగైనపుడే అట్టివారు వ్యర్థములను తీసికొనగలరు. ఒక్క పడవకై ఎవడును లారీ పంపడు. అందుచేత నా మనవి యేమనగా, నాలుగైదు గ్రామములవారు కలిసి చెడిన పడవల జాబితా వ్రాసి, ఒక్క స్థలమున చేర్చి, మత్స్యశాఖవారికిని పంచాయతీవారికిని ఒక్క అర్జీ పెట్టవలెను. ఒంటరి జాలరి యడిగినచో అది వాని గోడు. పది యూళ్లు అడిగినచో అది పని.

ఇది వ్రాసినంత సులభము కాదని నేనెఱుగుదును. నా శిష్యునికి మఱియొక పాత పడవ యుండెను. రెండేండ్ల క్రిందట అదియు చెడెను. ఈసారి వాడడుగకముందే నేనే వాని యింటికి పోతిని. అర్జీ నేను వ్రాసితిని, సంతకము వాడు చేసెను. కోయించుటకు కూలి యైనది. వానికది తక్కువ సొమ్ము గాదు. ముక్కలున్న సంచులు వాని పాకలో నెలల తరబడి యుండెను. పోయివచ్చిన కార్యాలయములలో ఇది మా పని కాదనినవారును గలరు. తుదకొకనాడు వ్యర్థముల బండి వచ్చి తీసికొనిపోయినది. సంచులు ఎక్కించిన పిదప వాడు ఖాళీయైన పాకను చూచి, "ఇప్పుడు దిగింది బాబూ బరువు" అనెను. నా మనస్సున నున్న బరువును కొంత దిగినది. మొదటి పడవ విషయమున నేను చెప్పిన మాట మాత్రము దిగలేదు; దిగకూడదు.

మన పెద్దలు పుట్టినవానికి నామకరణము, పోయినవానికి అంత్యక్రియ విధించిరి. పడవను నీట దించునపుడు మన జాలరులు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తల్లీ యని మ్రొక్కుదురు. కఱ్ఱ పడవ కాలమున తుదిక్రియను ప్రకృతియే జరిపెను. చెదలు, వాన, పొయ్యి ఆ పని చేసెను. మన కందు భారము లేకపోయెను. ఫైబరు పడవకు చెదలు రాదు, వాన కరగింపదు, పొయ్యి పనికిరాదు. తనంత చావలేని పడవకు ఆ క్రియ జరుపవలసినది దానివలన అన్నము తిన్న మనమే. తల్లీ యని మ్రొక్కినవాడు తల్లిని గట్టుమీద విడిచిపోవునా?

మీ గ్రామపు గట్టుమీద అట్టి పడవ బోర్లించి యున్నచో, దాని యజమానిని పిలిచి నిందింపకుడు. అరుగుపై కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, అర్జీ వ్రాసిపెట్టుడు. అక్షరములు నేర్చిన పెద్దలు చేయదగిన సహాయ మిదియే. ఒక్క మాట మాత్రము, నావలె తొందరపడి, కాల్చివేయుమని చెప్పకుడు.

సెలవు.